జొన్నల కాగుల మోగిన బేస్ గిటారు

నా పెండ్లి మాటలప్పుడు మా చిన్నమ్మ మొయినాబాద్ దిక్కు పోయి పిలగాన్ని చూసొచ్చింది. వచ్చి మా అవ్వను పొయ్యి కాడికి పిలిచి మెల్లగ చెప్పింది.

"అక్కా, పిలగాడు మంచిగనే ఉన్నడు. సికింద్రాబాద్ల బ్యాండుల గిటారు వాయిస్తడట. గని ఆ గిటారుకు నాలుగే తీగెలున్నయి. నేను రెండుసార్లు లెక్కవెట్టిన. అందరియాటికి ఆరుంటయి. కొనేకాడ ఎవడో ముంచిండు పాపం."

అరుగు మీద కూసున్న మా బాపు విననే విన్నడు. "రెండు తీగెలు తక్కువైతే తక్కువైనయి. తాగుడు గీగుడు లేదు గదా?" అని అడిగిండు. లేదన్నది చిన్నమ్మ. గంతే, షాబాద్ దిక్కు పుట్టిన నేను మొయినాబాద్‌కు చేవెళ్లకు నడుమ ఉన్న ఊరికి కోడలినై వచ్చిన.

వచ్చిన వారానికే ఆ తీగెల ముచ్చట నేనే అడిగిన. మా ఆయన కోపం చెయ్యలేదు, నవ్విండు. దాన్ని బేస్ గిటారు అంటరట, దానికి నాలుగే ఉంటయట. మూడో తరగతితోని బడి మానేసినదాన్ని, నాకు సమజయ్యేటట్టు చెప్పిండు.

"నువ్వు, అవ్వ ఇద్దరు రోకళ్లు పట్టి దంచుతరు గదా. దంచుకుంట పాట పాడ్తరు. పాట ఎటు తిరిగినా మళ్ల ఆ రోకటి దెబ్బ మీదికే వచ్చి కాలు వెడ్తది. బ్యాండుల పాట ఒకలది, మిగతా వాయింపుడు ముగ్గురిది. రోకటి దెబ్బ నాది."

అప్పటిసంది దంచుతున్నప్పుడల్ల ఆయన మాటనే యాదికొచ్చేది.

ఆయన ఆ గిటారును ఏరుకున్న తీరు నాకు చెప్పిండు. అది వినంగనే నాకు ఆయన మీద ఎక్కడలేని గౌరవం పుట్టింది. సికింద్రాబాద్ల రెండు బేస్ గిటార్లు అమ్మకానికొచ్చినయట. ఒకటి ఎర్రగ, అద్దం లెక్క మెరుస్తున్నదట. ఇంకోటి గోధుమరంగుది, అంచుల పొంటి రంగు లేచిపోయింది, ఓడెక్కి వేరే దేశం పోతున్న ఒక ముసలాయనది. బ్యాండోళ్లందరు ఎర్రది తీస్కోరా, స్టేజి మీద మంచిగ కనవడ్తది అన్నరట. ఈయన ఎవరినీ కరెంటు పెట్టనియ్యలేదు. ఒక్కొక్కదాన్ని ఒళ్లె పెట్టుకొని, గదుమను, అంటె గడ్డాన్ని, దాని చెక్కకు ఆనిచ్చి, అన్నిటికంటె దొడ్డు తీగెను ఒక్కపారి మీటి కండ్లు మూసుకున్నడట. ఎర్రదాని మోత పండ్ల కాడనే ఆగిపోయిందట. పాతదాని మోత గదుమకెళ్లి రొమ్ము దాక దిగి, పోబుద్ధి కానట్టు మెల్లగ ఆరిందట.

"ఇగ అడిగేదేమున్నది? పాతదాన్నే గొంగడిల చుట్టి తెచ్చుకున్న," అన్నడు.

మనిషి గట్లనే ఉండెటోడు. బ్యాండుల కూడ ఎనకనే, డ్రమ్ముల పక్కన నిలవడేదట. ఫొటోల ఆయన సగం భుజమే కనవడ్తది.

నా పెండ్లయి యేడు తిరగకముందే, అరవై తొమ్మిదిల, తెలంగాణ ఉద్యమం లేచింది. కాలేజీలు బందు, దుకాండ్లు బందు. పట్నంల పెండ్లిండ్లు బ్యాండు లేకుండనే, ఎంత జల్ది అయితే అంత జల్ది కానిస్తున్నరు. బస్సులు ఒకనాడు నడిస్తె నాలుగు నాళ్లు నడ్వకపోతుండె. బ్యాండోళ్లు ఎవల ఇండ్లకు వాళ్లు పోయిన్రు. మా ఆయన గిటారును భుజానికేస్కొని సగం దూరం లారీల, సగం దూరం నడ్సుకుంట ఇల్లు చేరిండు. ఉద్యమమంటె ఆయనకు పానమే. చేవెళ్లల పిలగాండ్లు నినాదాలిస్తుంటె తను గూడ గొంతు పోయేదాక అరిచొచ్చిండు. గని చేతులు మాత్రం ఊకె ఉండకపోతుండె. అన్నం తినుకుంట గూడ ఎడమ చేతి వేళ్లు మోకాలు మీద ఆడేటియి.

మా ఇంట్ల కరెంటు లేదు. కరెంటు లేకుంటె బేస్ గిటారు మోత ఎదురుంగ కూసున్నోళ్లకు గూడ సరిగ వినరాదు. ఆయన ఏం జేసిండంటె, గిటారు తలకాయను దర్వాజ చెక్కకు గట్టిగ ఆనిచ్చి వాయించుడు మొదలువెట్టిండు. టేకు దర్వాజ అంత మోగేది. నేను ఆ దర్వాజకే వీపు ఆనిచ్చి కూసోని చేటల జొన్నలు చెరిగేదాన్ని. దొడ్డు తీగె మోత నడుం కాడ తెలిసేది, సన్న తీగెది మెడ కాడ. చూడకుండనే ఏ తీగె మీటిండో చెప్పేదాన్ని. "నువ్వు బ్యాండుల ఉండవల్సినదానివి," అని నవ్వెటోడు.

అంతల మా జోడెడ్లల్ల ఒకటి కడుపు ఉబ్బి సచ్చిపోయింది. ఒంటెద్దుతోని నాగలి నడ్వదు, వానలొస్తె చేను బీడు పడ్తది. సరిగ్గ గప్పుడే చేవెళ్లకెళ్లి మైకుసెట్టు పిలగాడు సైకిలేస్కొని దిగిండు. పెండ్లిండ్లకు, సభలకు మైకు కిరాయికిచ్చెటోడు. నోటి దురుసు ఎక్కువ, మనసు చెడ్డది కాదు.

"అన్నా, పట్నం ఇప్పట్ల తెరుచుకునేటట్టు లేదు. ఆ గిటారు నాకియ్యి. దానికి బదులు మంచి కోడెను తెచ్చి మీ కొట్టంల కట్టేస్త. నీకు దున్నుడైతది, నాకు పెండ్లిండ్లల షోకైతది," అన్నడు.

మా ఆయన తల తిప్పి మామ మొఖం చూసిండు.

మామ మా చర్చి సంఘానికి పెద్ద. మాట తక్కువ.

"కోత పండుగకు ఇంక పదిహేను దినాలున్నది," అన్నడు. కొత్త పంటల మొదటి వంతు చర్చికి తెచ్చిపెట్టి పాటలు పాడే పండుగ అది. "ఆనాడు అందరి ముంగట వాయించు కొడుకా. పాటకు అది అక్కరకొస్తదని నా చెవులకు తెల్వాలె. తెలిస్తె ఉంచుకో. తెల్వకపోతె ఎద్దు రావాలె. వాన మన కోసం ఆగదు."

"సరే బాపు," అన్నడు మా ఆయన. ఆ 'సరే' ఎంత బరువుగ వచ్చిందో నాకొక్కదానికే తెలుసు.

మొదటి కష్టం తీగెలది. "ఇవి సచ్చిపోయినయి," అన్నడు. చెమట, మురికి పట్టి మోత మొద్దువారిందట. కొత్తయి సికింద్రాబాద్లనే దొరుకుతయి, బస్సులు లేవు. "ఉడకవెట్టాలె," అన్నడు. నేను పరాచికమనుకున్న. కాదట, పట్నంల బేస్ వాయించెటోళ్లు అందరు చేసే పనేనట. నాలుగు తీగెలు విప్పి చుట్టలు చుట్టి ఇచ్చిండు. నేను అన్నం వండే కుండల నీళ్లుపోసి పొయ్యి మీద పెట్టిన.

అత్త వచ్చింది. "ఏందే పిల్లా, కుతకుత ఏం ఉడుకుతున్నది?"

"గిటారు తీగెలు అత్తా."

అత్త మూత తీసి చూసి, మళ్ల మూసింది. "పట్నంల నా కొడుకుకు ఇన్నొద్దులు గివే వండిపెట్టిన్రా? అందుకే గిట్ల బక్కగైండు!"

ఆ కుండను నాతోని మూడుసార్లు బూడిదేసి తోమిచ్చింది. తీగెలు మాత్రం ఎండబెట్టి మళ్ల ఎక్కిస్తె, కడిగిన ఇత్తడి గిన్నె లెక్క ఖంగుమన్నయి. ఆయన మొఖంల రంగు తిరిగొచ్చింది.

రెండోనాడు మైకుసెట్టు పిలగాడు బ్యాటరీ, మోత పెంచే మిషను, హారను తెచ్చిండు. పండుగకు మైకు ఎట్లైన వానిదే. హారనుకు కలిపి మా ఆయన దొడ్డు తీగె మీటిండు. సీసల చిక్కిన జోరీగ లెక్క 'జుయ్యి'మన్నది. ఇంకోటి మీటితె అదీ జుయ్యే. వాకిట్ల నిలవడ్డోళ్లు పడిపడి నవ్విన్రు.

"అన్నా, రెండు తీగెలు ఎలుకలు కొరికినయనుకున్న. మిగిలిన నాలుగింటిని గూడ రుచి చూసినట్టున్నయి!" అన్నడు పిలగాడు.

మామ నవ్వలేదు. లేచి కొట్టం దిక్కు పోయిండు. ఒంటెద్దుకు గడ్డేసిన సప్పుడైంది.

మా ఆయన మాత్రం హారను మూతిల చెయ్యి పెట్టి చూస్తున్నడు. "తప్పు తీగెలది గాదు తమ్మీ. దీనికి గొంతున్నది, కడుపు లేదు. దొడ్డు మోతకు కడుపు గావాలె. నీ కాడ పాత రేడియోల ఉండే గుండ్రటి స్పీకరేమన్న ఉన్నదా?"

"ఉన్నది. ఉత్త స్పీకరును ఏం జేస్తవు? పట్నపోళ్లు దానికి బీరువంత పెట్టె చేపిస్తరు. గంత కట్టె యాడికెళ్లి తెస్తవు?"

ఆయన గిటారును మళ్ల గొంగడిల చుట్టిండు.

తెల్లారి పొద్దుగాల జొన్నలు తీద్దామని నేను కాగుల తలపెట్టిన. మా ఇంట్ల జొన్నలు పోసుకునే మట్టి కాగు నా నడుం దాక వచ్చేది. కొత్త జొన్నలు ఇంక కళ్లంలనే ఉన్నయి. కాగుల అడుగుకు నాలుగు సోలెలు మిగిలినయి. లోపల తలపెట్టే, "అత్తా, అయిపోవడ్డయి," అని ఒర్రిన. నా గొంతు నాదే కాదనిపించింది. మొగమనిషి గొంతు లెక్క దొడ్డుగ, గుండ్రంగ వచ్చి నా రొమ్ముకు తాకింది.

"పూర్తిగ ఊడ్వకే!" అన్నది అత్త అవతలకెళ్లి. "పిడికెడన్న ఉంచు. నేనొచ్చినసంది ఈ ఇంట్ల కాగు ఒక్కనాడు ఉత్తగ లేదు."

నేను అత్త మాట సగమే విన్న. "ఓ, ఇటు రా, జల్ది రా!" అని ఆయనను పిలిచిన. ఆయన వచ్చి కాగుల తలపెట్టి 'ఊ' అన్నడు. మళ్ల 'ఊ' అన్నడు. తల బయటికి తీసి నన్ను చూసిన చూపు ఇప్పటికి నా కండ్లల్లనే ఉన్నది.

అయితె ఆయన తొందరపడే మనిషి కాదు. దొరికిందే చాలనుకోలేదు. నీళ్ల కడవ, పప్పు బాన, జొన్నల కాగు మూడింటిని ఉత్తగ చేసి వాకిట్ల వరుసగ పెట్టిండు. ఒక్కొక్కదాంట్ల 'ఊ' అంటుంటె, గిటారు కొన్ననాడు తను చేసినట్టే నన్ను అంచుకు గదుమ ఆనియ్యమన్నడు.

"యాడ దాక తెలుస్తున్నది?"

కడవది పండ్ల కాడ ఆగింది. బానది గొంతు దాక వచ్చింది. కాగుది మెడ దిగి, రొమ్ము దిగి, కడుపుల కూసున్నది.

"ఇదే," అన్న.

"ఇదే," అన్నడు ఆయన.

పాత బండి పలకను కాగు మూతికి సరిపడ గుండ్రంగ కోసి, నడుమ తొర్ర చేసి స్పీకరు బిగిచ్చిండు. పలక అంచు పొంటి తడి మట్టి మెత్తి గాలి పోకుండ మూసినం. సాయంత్రం పిలగాడు బ్యాటరీ తగిలిచ్చిండు. దొడ్డు తీగె మీటంగనే వాకిట్ల కోళ్లు లేచి ఉరికినయి. మోత చెవులకంటె ముందు అరికాళ్లకు తెలిసింది. పిలగాడు ఒక్క ముక్క మాట్లాడలేదు. వాడు మాట్లాడకపోవుడే మాకు పెద్ద మెప్పు. మామ ఆ పూట కళ్లంల ఉండె, వినలేదు.

పండుగ రోజు కాగును చర్చికి తీస్కపోవుడు ఎట్ల? బండి ఉన్నది, ఎద్దు ఒక్కటే. పక్కింటి తాత చర్చిల డోలక్ వాయిస్తడు. అన్నదమ్ముల పంపకంల ఆయనకు ఒక్క ఎద్దే వచ్చింది. "తీస్కపోండ్రా, నేను గూడ బండి మీదనే కూసోనొస్త," అన్నడు. మామ రెండిటిని బండికి కట్టి తోలిండు. కాగు కింద గడ్డి పరిచి, అత్త దాన్ని చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల పట్టుకొని కూసున్నది. మూతికి బట్ట కప్పి ఉన్నది. చర్చి కాడ దించినంక ఆ బట్ట తీసి, పలక పెట్టి, మట్టి మెత్తినం. లోపలికి ఎవలు తొంగి చూస్తరు? ముందునాడు నేనే శుభ్రంగ తుడిచిపెట్టిన కాగు.

చర్చి నిండ జనం. ముంగట జొన్న కంకులు, కందులు, గుమ్మడికాయలు, ఎవలో తెచ్చిన కోడిపుంజు. అయ్యగారు ప్రార్థన చేసిండు, హార్మోని లేచింది, తాత డోలక్ అందుకున్నడు. మా ఆయన తన అలవాటు తీరుగ అందరికంటె ఎనక, కాగు పక్కన నిలవడ్డడు. దొడ్డు తీగె మీద వేలు పెట్టిండు.

మోత వచ్చింది. దానెంబడి 'గలగల గలగల' అని ఇంకోటి వచ్చింది.

ముందు బెంచీలోళ్లు ఎనకకు మళ్లి చూసిన్రు. మైకు పిలగాడు తన మిషనునే తిప్పుతున్నడు. మామ కదలకుండ ముంగటికే చూస్తున్నడు. నేను పక్కకు చూసేసరికి అత్త కొంగు నోట్ల కుక్కుకున్నది.

"అత్తా?"

"ఉత్త కాగు పండుగ పూట దేవుని ఇంటికి పోవద్దని..." అన్నది మెల్లగ. "బండిల కూసున్నప్పుడు కొంగుల కట్టుకొచ్చిన జొన్నలేసిన."

"ఎన్ని?"

"పిడికెడే." నేను కండ్లల్లకు చూసిన. "రెండు దోసిళ్లు."

మట్టి మెత్తిన పలకను పాట నడుమ ఊడదీసేది లేదు. నేను మా ఆయన కండ్లు నా మీద పడేదాక చూసి, దోసిలితోని గింజలు పోసినట్టు చేసి, కాగు దిక్కు చూపెట్టిన. ఆయన ఒక్క గడియ కాగును చూసిండు, వాళ్ల అవ్వను చూసిండు. నవ్వినట్టే అనిపిచ్చింది నాకు.

ఆ తర్వాత ఆయన చేసిన పని, పెద్ద పెద్ద బ్యాండులల్ల వాయించెటోళ్లు ఎంతమంది చేస్తరో నాకు తెల్వదు. పాటను ఆపలేదు. మెల్లగ, గిటారు మెడకు అడ్డంగ ఉండే ఒక్కొక్క మెట్టు మీద వేలు ఆనిచ్చుకుంట పోయిండు. అన్ని మోతలకు గింజలు ఎగురుతలేవు. దొడ్డు తీగె మూడో మెట్టు మీద పెడ్తెనే కాగు నిండ గలగలమంటున్నది, మిగతా చోట్ల గింజలు పడుకొని ఉంటున్నయి. రెండో చరణమంత ఆ మెట్టును తాకకుండ నడిచిండు. కాగు మోత సాఫుగ, కింద చాప పరిచినట్టు వచ్చింది. పాడెటోళ్ల గొంతులు దాని మీద కుదురుకున్నయి. ముసలోళ్లు గూడ తాళం తప్పుతలేరు.

మూడో చరణంల, జనం చప్పట్లు కొట్టే చోట, కావాలని ఆ మెట్టు మీద వేలు పెట్టిండు. గలగల! సరిగ్గ చప్పట్లల్ల కలిసింది. మళ్ల చరణం చివర్ల, మళ్ల గలగల. డోలక్ తాత తల ఎగరేసి, ఈసారి దాని కోసమే ఆగి, అది రాంగనే దరువు అందుకున్నడు. పిల్లలు లేచి నిలవడ్డరు. మా అత్త కొంగు నోట్లకెళ్లి తీసి చప్పట్లు కొట్టుడు షురూ చేసింది, అంత తనే నేర్పినట్టు.

నేను మామనే చూస్తున్న. ఆయన మొఖంల ఏం లేదు. గని బెంచి కింద ఆయన చెప్పులిడిచిన కాలు, బొటనవేలుతోని నేల మీద కొడ్తున్నది. చప్పట్ల మీద కాదు, డోలక్ మీద కాదు. నా పెనిమిటి వేలు తీగె మీద ఎక్కడ పడ్తె అక్కడ.

ప్రార్థన అయినంక బయట మైకు పిలగాడు వైరు చుట్టుకుంట వచ్చిండు. ఎంతైన అడగాలె గదా. "బాపూ, కోడె సంగతి ఏం జేద్దాం? రేపు తోల్కరమ్మంటవా?"

"అక్కర లేదు బిడ్డా," అన్నడు మామ. బండి దిక్కు చూపెట్టిండు. మా ఎద్దు, తాత ఎద్దు ఒకే గడ్డికుప్పల మూతులు పెట్టి నములుతున్నయి. "మా ఎద్దుకు జత దొరికింది."

తాత నడుం మీద చేతులు పెట్టుకున్నడు. "ఓహో, నన్ను అడిగినవా?"

"ఇయ్యవా?"

"ఒకనాడు నీ చేను, ఒకనాడు నాది. ముందు నాది."

"ముందు నీదే, సరేనా."

పిలగాడు నవ్వి, చుట్టిన వైరు మా ఆయన భుజానికేసిండు. "గట్లయితె స్పీకరు నీ కాడనే ఉండనియ్యి అన్నా. పెండ్లిండ్లకు నేను పిలుస్త, నువ్వు కాగుతోని రా. జొన్నలు మాత్రం అవ్వనే పొయ్యాలె."

"పోస్తనురా, నీ పెండ్లికి ఇంకో దోసిలి ఎక్కువ పోస్త," అన్నది అత్త.

ఆ పొద్దు ఇంటికొచ్చినంక మామ కాళ్లు కడుక్కొని, గోడకు ఆనిచ్చి ఉన్న గిటారు కాడ నిలవడ్డడు. అది మా ఇంటికి వచ్చినసంది ఆయన దాన్ని ముట్టలేదు.

"జొన్నలు ఎగిరింది యాడ పెడ్తెరా?" అని అడిగిండు.

మా ఆయన గిటారును తెచ్చి ఆయన ఒళ్లె పెట్టిండు. తండ్రి వేలు పట్టుకొని దొడ్డు తీగె మూడో మెట్టు మీద ఆనిచ్చిండు. "గదుమ చెక్కకు ఆనియ్యి బాపు. ఇప్పుడు మీటు."

మామ నాగలి పట్టిన చేతితోని, పగుల్తదేమో అన్నట్టు, ఒక్కపారి మీటిండు. కండ్లు మూసుకున్నడు. అది ఆరిపోయేదాక తెరవలేదు. తెరిచినంక, "ఇంకొక్కపారి," అన్నడు.